ఆరోగ్య పాఠం: ఎలక్ట్రిక్ గిటారు కొనే ముందు

షుగరు, బీపీ, గర్భిణుల ఆహారం గురించి రాసే ఈ పేజీలోకి గిటారు ఎందుకొచ్చిందని కొందరు అనుకోవచ్చు. కారణం ఉంది. మా ఫిజియోథెరపీ గది ముందు బల్ల మీద మూటలు మోసేవాళ్లు, మిషను కుట్టేవాళ్లు, నాట్లు వేసే అక్కలు ఎప్పుడూ కూర్చునే ఉంటారు. ఈమధ్య వాళ్ల పక్కన ఆరాధన జట్టులో వాయించే పిల్లలు కూడా కూర్చుంటున్నారు. ఎడమ భుజం లాగేస్తోందని ఒకరు, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని ఒకరు, కూడిక అయిపోయాక కూడా చెవిలో గుయ్యిమంటోందని ఇంకొకరు వస్తున్నారు.

వాళ్లలో ఒక అబ్బాయి సంగతి చెబుతాం. డిగ్రీ రెండో సంవత్సరం. తండ్రి ఆటో నడుపుతారు. క్రిస్మస్ ముందు చీటీ పాడుకొని కొడుక్కి ఎలక్ట్రిక్ గిటారు కొనిచ్చారు. ఫిబ్రవరి వచ్చేసరికి ఆ అబ్బాయి ఇరవై నిమిషాలు కూడా నిలబడి వాయించలేకపోతున్నాడు. ఎడమ చేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారుతున్నాయి. రాత్రి మెలకువ వస్తోంది. తండ్రి మమ్మల్ని పక్కకు పిలిచి, "అంత డబ్బు పోశాను సార్, వీడేమో నొప్పి అంటున్నాడు. నిజంగా నొప్పేనా, వాయించడానికి బద్ధకమా, మీరే చెప్పండి" అన్నారు.

గిటారు తీసుకొని రమ్మన్నాం. మర్నాడు తెచ్చారు. పసిపిల్లల్ని తూచే కాటా మీద పెట్టి తూచాం. 4 కిలోల 600 గ్రాములు! పైగా దాన్ని మోస్తున్నది వేలెడు వెడల్పున్న నైలాను పట్టీ. తీగలు ఫ్రెట్ల మీద ఎంత ఎత్తులో ఉన్నాయంటే, గట్టిగా అదిమితే గాని స్వరం పలకడం లేదు. బద్ధకం కాదని ఆయనకు చెప్పాం. కొన్నప్పుడు ఏం చూసి ఎంచుకున్నారని అడిగితే, రంగు బాగుందని అబ్బాయి, బరువుంటేనే సౌండు వస్తుందని షాపువాళ్లు చెప్పారని తండ్రి అన్నారు. మెడలో వేసుకొని ఒక పాటైనా వాయించి చూశావా అంటే, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ పాఠం రాయాలని ఆ రోజే అనుకున్నాం.

భుజం మాట

దావీదు వాయించిన సితారా బరువెంతో బైబిలు చెప్పలేదు గాని, ఎలక్ట్రిక్ గిటారు బరువు మాత్రం తూచి కొనాల్సిందే. మామూలు గిటారు లోపల డొల్లగా ఉంటుంది, అందుకే తేలిక. ఎలక్ట్రిక్ గిటారు ఎక్కువ రకాల్లో గట్టి చెక్క దిమ్మె. 1952లో వచ్చిన గిబ్సన్ లెస్ పాల్ నమూనా గిటార్లు 4 కిలోల నుంచి నాలుగున్నర దాకా తూగుతాయి. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ నమూనా అయితే సుమారు మూడున్నర కిలోలు. ఒక కిలో తేడా పెద్దదేమీ కాదనిపిస్తుంది. కానీ ఆ బరువంతా ఎడమ భుజం మీద, మెడకూ భుజానికీ మధ్య కండరం మీద, రెండు గంటల ఆరాధన అంతా వేలాడుతుంది. సాధన రోజులు అదనం.

ఇప్పుడు దొరికే గిటార్లలో ఎక్కువ భాగం ఈ రెండింటి పోలికతోనే ఉంటాయి కాబట్టి ఇంకొక తేడా చెప్పాలి. స్ట్రాటోకాస్టర్ తయారుచేసిన లియో ఫెండర్ కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసే మనిషి. ఆయనకు గిటారు వాయించడం రాదు. రాదు కాబట్టే వాయించేవాళ్లు చెప్పింది విన్నారేమో అని మాకు అనిపిస్తుంది. అంతకుముందు ఆయన చేసిన గిటారు పలకలా ఉండేది, అంచు పక్కటెముకల్లో గుచ్చుకుంటోందని వాయించేవాళ్లు మొర పెట్టుకున్నారు. కొత్తదానికి వెనకవైపు పొట్ట ఆనేచోట, ముందువైపు కుడి ముంజేయి ఆనేచోట చెక్కను నున్నగా చెక్కించారు. షాపులో గిటారు వెనక్కి తిప్పి ఆ వంపు ఉందో లేదో చూడండి. సన్నగా ఉన్నవాళ్లకు, పొట్ట ఆపరేషను అయినవాళ్లకు ఆ వంపు చాలా మేలు చేస్తుంది. ఆపరేషను అయినవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. బరువులెత్తవచ్చని డాక్టరుగారు చెప్పేదాకా గిటారును కూడా బరువుల్లోనే లెక్కవేయండి.

నిలబడినప్పుడు గిటారు తల వైపు కిందికి వాలిపోతోందా అనేదీ చూడాలి. వాలితే ఎడమ చెయ్యి తీగలు నొక్కడంతోపాటు గిటారును మోసే పని కూడా చేస్తుంది. మెడలో వేసుకొని రెండు చేతులూ వదిలేయండి, అది ఉన్నచోటే ఉండాలి. పట్టీ మూడు అంగుళాల వెడల్పు ఉంటే మంచిది. కూర్చున్నప్పుడు గిటారు ఏ ఎత్తులో ఉంటుందో నిలబడినప్పుడూ అదే ఎత్తులో ఉండేలా పట్టీ సర్దుకోవాలి. తొడల దాకా వేలాడదీస్తే చూడ్డానికి ఎలా ఉన్నా, ఎడమ మణికట్టు బాగా వంగిపోతుంది.

చెయ్యి మాట

మణికట్టు లోపల సన్నటి దారిలోంచి ఒక నరం వెళ్తుంది. మణికట్టు ఎక్కువగా వంచి గంటల తరబడి పనిచేస్తే అది ఒత్తుకుపోయి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతాయి. మోచేతి వెనక దెబ్బ తగిలితే జివ్వుమనే నరం ఇంకొకటి. అది చిటికెన వేలికీ, ఉంగరపు వేలు సగానికీ వెళ్తుంది. మన అబ్బాయికి ఇబ్బంది వచ్చింది దీనితోనే. గిటారు బరువు తట్టుకోలేక మోచేతిని పూర్తిగా ముడిచి ఒంటికి అదుముకొని వాయిస్తున్నాడు. రాత్రి ఆ చేతినే మడిచి తల కింద పెట్టుకొని పడుకుంటున్నాడు.

చేతికి సుఖాన్నిచ్చేవి ముఖ్యంగా మూడు. తీగల ఎత్తు, తీగల లావు, నెక్ పొడవు.

తీగల ఎత్తు కొలవడానికి పరికరం అక్కర్లేదు. రూపాయి నాణెం మందం దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు. పన్నెండో ఫ్రెట్ మీద నాణెం పెట్టి తీగ కిందికి జరపండి. సన్నని తీగ నాణేన్ని కొద్దిగా తాకుతూ ఉంటే సరిగా ఉన్నట్టే. లావు తీగ దగ్గర కొంచెం సందు ఉంటుంది, అది మామూలే. రెండు నాణేలు ఒకదాని మీద ఒకటి పెట్టినా వదులుగా దూరిపోతే మాత్రం ఎత్తు ఎక్కువ. ఆ అబ్బాయి గిటారులో రెండూ దూరాయి. ఇది గిటారు లోపమని వెంటనే అనుకోకండి. ఎలక్ట్రిక్ గిటారులో తీగల కింది వంతెన దగ్గర చిన్న స్క్రూలు ఉంటాయి, నెక్ లోపల ఇనుప కడ్డీ ఉంటుంది. తెలిసినవాళ్లు వాటిని తిప్పి ఎత్తు సరిచేస్తారు. సెటప్ అంటారు దీన్ని. నెక్ చెక్క కాబట్టి ఎండాకాలం ఒకలా, వానాకాలం ఒకలా కదులుతుంది. ఏడాదికి ఒకసారి సెటప్ చేయించడం మంచిది.

తీగల లావును అంకెలతో చెబుతారు. తొమ్మిది నంబరు సెట్టు, పది నంబరు సెట్టు అని అడిగితే ఇస్తారు. పదికి బదులు తొమ్మిది వేస్తే మొదటి తీగ బిగువు దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. కొత్తవాళ్లకు, ఆడపిల్లలకు, కీళ్లవాతం ఉన్నవాళ్లకు తొమ్మిది చాలు. ఇది చిన్నతనం కాదు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో టోనీ అయోమీ అనే కుర్రవాడికి 1965లో రేకుల ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగి తీగలు నొక్కే చేతికి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఆయన ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నారు, సన్నని తీగలు వేసుకున్నారు, ఆ తర్వాత తీగల బిగువూ తగ్గించుకున్నారు. అలాగే పేరున్న వాద్యకారుడయ్యారు. ఆయన వాయించిన సంగీతం మన మందిరాల్లో వినిపించేది కాదులెండి, అది వేరే విషయం.

నెక్ పొడవు అంటే తీగ మోగే పొడవు. ఫెండర్ పోలికవాటిలో 648 మిల్లీమీటర్లు, గిబ్సన్ పోలికవాటిలో సుమారు 628. పొట్టిదానిలో తీగల బిగువు కొంచెం తక్కువ, ఫ్రెట్లు కొంచెం దగ్గర. చిన్న చేతులవాళ్లు రెండూ పట్టుకొని చూసుకోవాలి.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు వేళ్ల కొసలు మొదటి రెండు మూడు వారాలు మండుతాయి, చర్మం గట్టిపడ్డాక తగ్గుతుంది. దానికి భయపడక్కర్లేదు. తిమ్మిరి, రాత్రి మెలకువ తెప్పించే నొప్పి, చేతిలోంచి గ్లాసు జారిపోవడం మామూలు కాదు. అవి ఉంటే ఓర్చుకొని వాయించవద్దు. ఇరవై నిమిషాలు వాయించి ఐదు నిమిషాలు చేతులు దించి విశ్రాంతి ఇవ్వండి.

మా దగ్గరకు వచ్చేవాళ్లలో కుష్ఠు నయమైనా వేళ్లలో స్పర్శ తిరిగి రానివారు, షుగరు వల్ల స్పర్శ తగ్గినవారు కూడా ఉన్నారు. వారికి ఒక మాట. 1946లో వెల్లూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేస్తూ ఒక సంగతి గమనించారు. వ్రేళ్లు తమంతట తాము రాలిపోవడం లేదు. నొప్పి తెలియక కాలినా తెగినా అలాగే వాడటం వల్ల పాడైపోతున్నాయి. ఉక్కు తీగ కోసినా మీకు తెలియకపోవచ్చు. అందుకని వాయించకూడదని మేము అనడం లేదు. సన్నని తీగలు, తక్కువ ఎత్తు పెట్టించుకొని, వాయించిన ప్రతిసారీ చేతులు కడుక్కొని, వెలుతురులో ఒక్కొక్క వేలినీ కళ్లతో చూసుకోండి. పుండు కనిపిస్తే అది మానేదాకా గిటారు పక్కన పెట్టండి.

చెవి మాట

గిటారు తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ చుట్ట ఉంటాయి. అదే పికప్. ఉక్కు తీగ కదిలితే చుట్టలో చిన్న విద్యుత్తు పుడుతుంది, దాన్ని యాంప్ పెద్దది చేస్తుంది. ఒక చుట్ట ఉన్న పికప్ గొంతు స్పష్టంగా, గంట కొట్టినట్టు ఉంటుంది. అయితే ట్యూబులైటు, ఫ్యాను రెగ్యులేటరు, కరెంటు వైర్ల రొదను కూడా పట్టుకొస్తుంది. మన మందిరాల్లో ఈ మూడింటికీ లోటు లేదు. ప్రార్థనలో అందరూ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు స్పీకర్లలోంచి వచ్చే జుమ్మనే శబ్దం తరచుగా అదే. 1955లో గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ అనే ఇంజనీరు రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపి రొదను రద్దు చేసే పికప్ చేశారు. హంబకర్ అంటారు దాన్ని. గొంతు నిండుగా, కాస్త మెత్తగా ఉంటుంది. సంఘంలో వాయించడానికి వెనకవైపు ఒక హంబకర్, మిగతా రెండు ఒంటి చుట్టవి ఉన్న గిటారు అన్నిటికీ పనికొస్తుందని మా అభిప్రాయం. యమహా పసిఫికా 112 ఆ పద్ధతిదే.

చాలామంది ఎలక్ట్రిక్ గిటారును నేరుగా మందిరం మిక్సరులో గుచ్చేస్తారు. దోమ రొదలా సన్నగా వస్తుంది. గిటారు మంచిది కాదనుకొని శబ్దం పెంచుతారు, అప్పుడు కీబోర్డువాళ్లు పెంచుతారు, ఆ తర్వాత డ్రమ్స్. తప్పు గిటారుది కాదు. దానికి సొంత యాంప్ కావాలి, లేదా స్పీకరు గుణాన్ని అనుకరించే ప్రాసెసరు పెట్టె మధ్యలో ఉండాలి.

శబ్దం 85 డెసిబెల్స్ ఉంటే రోజుకు 8 గంటలు తట్టుకోవచ్చని వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర పదిహేను నిమిషాలే. రేకుల షెడ్డులో, పూర్తి బ్యాండుతో, స్పీకరు పక్కనే నిలబడే పిల్లలు సులువుగా ఆ పరిమితి దాటేస్తారు. లోపలి చెవిలోని సన్నని కణాలు చచ్చిపోతే మందు లేదు, తిరిగి మొలవవు. పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే అరవాల్సి వస్తే శబ్దం తగ్గించండి. యాంప్‌ను నేల మీద పెట్టకుండా కుర్చీ మీద ఎత్తి, వాయించేవాడి చెవి వైపు వాల్చి పెడితే తక్కువ శబ్దంతోనే వినిపిస్తుంది. ఇంట్లో సాధనకు 10 వాట్ల యాంప్ చాలా ఎక్కువే.

ప్రాణం మాట

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇది. గిటారు ఉక్కు తీగలు వైరు ద్వారా యాంప్ ఎర్తుకు కలిసి ఉంటాయి. యాంప్‌కు ఎర్తు లేకపోయినా, లోపల ఏదైనా దెబ్బతిన్నా, తీగల్లోకి కరెంటు రావచ్చు. ఆ చేతులతో తీగలు పట్టుకొని పెదవులు మైకుకు తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుంది. 1972లో వేల్స్‌లోని స్వాన్సీలో లెస్లీ హార్వే అనే గిటారిస్టు ఎర్తు లేని మైకు ముట్టుకొని వేదిక మీదే చనిపోయారు.

మన పందిళ్లలో మూడు పిన్నుల ప్లగ్గు తీసి రెండు వైర్లు పుల్లలతో గుచ్చడం మీరూ చూసే ఉంటారు. రొద తగ్గుతుందని ఎర్తు పిన్ను విరిచేసేవాళ్లనూ చూశాం. దయచేసి చేయకండి. కొత్త గిటారు కోసం చందాలు పోగుచేసే యూత్ సభ్యులు ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మందిరంలో ఎర్తు పరీక్ష చేయించండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు పెట్టించండి. తడి నేల మీద, చెప్పులు లేకుండా వాయించవద్దు. మైకు తగిలినప్పుడు పెదవులు కొద్దిగా చిమచిమలాడినా, వెంటనే ఆపేసి ప్లగ్గు తీయించాలి.

జేబు మాట

చేతిలో ఉన్న డబ్బంతా గిటారుకే పెట్టవద్దు. మూడు భాగాలు చేసుకుంటే రెండు భాగాలు గిటారుకు, ఒక భాగం యాంప్‌కు, పట్టీకి, వైరుకు, సెటప్‌కు ఉంచుకోండి. ఫెండర్ వాళ్లదే తక్కువ ధర రకం స్క్వైర్, గిబ్సన్ వాళ్లది ఎపిఫోన్. నేర్చుకునేవాళ్లకు వాటిలో మొదటి మెట్టువి, యమహావి సరిపోతాయి. గివ్‌సన్ అనేది మన దేశపు కంపెనీ, అమెరికా గిబ్సన్ వేరు. ఒక్క అక్షరమే తేడా కాబట్టి పెద్దవాళ్లు పొరబడుతుంటారు. పాత గిటారు కొనడంలో తప్పులేదు, కొన్నిసార్లు అదే లాభం. నెక్ తిన్నగా ఉందా, ప్రతి ఫ్రెట్ దగ్గరా స్వరం పలుకుతోందా, ఎక్కడైనా చీలిక ఉందా అని, వాయించడం వచ్చిన అన్నను వెంట తీసుకెళ్లి చూపించండి.

షాపుకు వెళ్లినప్పుడు తొందరపడవద్దు. కూర్చొని పది నిమిషాలు, నిలబడి పది నిమిషాలు వాయించనివ్వమని అడగండి. అడగడానికి మొహమాటపడి వేల రూపాయలు పోగొట్టుకున్న కుటుంబాలను చూశాం. ఆన్‌లైన్‌లో చవగ్గా వస్తుందని తెప్పించుకునేవాళ్లు, అదే రకం గిటారును ఎక్కడైనా ఒకసారి మెడలో వేసుకున్నాకే డబ్బు కట్టండి. మరీ చవకైనవి శ్రుతి నిలవవు. పిల్లవాడు తనకు రాదనుకొని మానేస్తాడు.

ఆ ఆటో అన్నగారి గిటారును షాపువాళ్లు తిరిగి తీసుకోలేదు. తొమ్మిది నంబరు తీగలు వేయించి, ఎత్తు దించాం. వెడల్పు పట్టీని మా ఆసుపత్రి మిషను దగ్గరే పాత జీన్స్ గుడ్డతో కుట్టి ఇచ్చారు. అన్నిటికీ కలిపి వెయ్యి రూపాయల లోపే అయింది. మోచెయ్యి చాపుకొని పడుకోవడం, నరానికి వ్యాయామం నేర్పాం. ఆరు వారాల్లో తిమ్మిరి పోయింది. బరువు మాత్రం ఎక్కడికి పోతుంది? ఆదివారం రెండో ఆరాధన చివర్లో భుజం ఇంకా లాగుతుందట. అందుకని వాళ్ల కాపరిగారు అతనికి ఎత్తు బల్ల వేయించారు, కూర్చొని వాయిస్తున్నాడు.

మీ ఇంట్లో వాయించేవాళ్లకు ఇలాంటి నొప్పి, తిమ్మిరి ఉంటే ఫిజియోథెరపీ విభాగానికి రండి. వచ్చేటప్పుడు గిటారు, పట్టీ కూడా తీసుకురండి. చెవిలో మోత రెండు రోజులకు మించి ఉంటే ఆలస్యం చేయకుండా ముక్కు, చెవి, గొంతు డాక్టరుగారిని కలవండి.